రత్నమ్మ మెడ

రత్నా,

నువ్వు పోయి ఏడాది తిరిగిన ఈ రోజే, మనవరాలి పెళ్లి రవిక కుట్టించడానికి నీ నీలం రవికను మెడకు ఆదిగా పట్టుకుని నంద్యాల వెళ్లాను. కుట్టే పిల్ల దాన్ని వెలుతురులోకి ఎత్తి, "ఇది బోట్ నెక్కు గదా అవ్వా!" అంది.

"ఆళ్లగడ్డలో రత్నమ్మ మెడ అంటారు. మా చెల్లెలు మొదట తొడుక్కునింది, వీధంతా ఆ పేరుతోనే కుట్టించుకునింది. మీ పడవ అప్పటికింకా నీళ్లలోకే దిగలేదు," అన్నాను.

ఆ నీలంలోంచి నువ్వు మిద్దె మీద తడిజుట్టు ఆరబెట్టుకుంటూ నవ్వినట్టనిపించింది. అందరూ కొత్త పేరే నేర్చుకుంటే పాతది నాతోనే పోతుందేమోనని దిగులేసింది.

కొట్టు మెట్లు దిగుతుంటే వెనక ఆ పిల్ల గొంతు వినబడింది: "అక్కా, ఈ పెండ్లికూతురికి రత్నమ్మ మెడ పెట్టాలంట. చూసి కత్తిరించు."