అమ్మతో ఇంగ్లిష్ సినిమా

అక్కా,

హాస్టల్లో జ్వరమొచ్చి నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫొటోకు దండ వేసి, డాడీ మట్టెవాడలో షాపు తెరవడానికి వెళ్లారు. వెళ్తూ, వచ్చే వారం నన్నూ హాస్టల్లో చేర్పిస్తానన్నారు. నువ్వు చదివిన కాలేజీ కాదట, వేరేదట. నేను తలూపాను.

మధ్యాహ్నం అమ్మ టీవీ ముందు కూర్చుని, "మీ అక్క చూసే సినిమా పెట్టవే" అంది. సెలవుల్లో మనం సౌండ్ తగ్గించి చూసిన ఆ ఇంగ్లిష్ సినిమా పెట్టాను. ఊరి చివర అన్నీ ఒకేలాంటి ఇళ్లు, అమ్మానాన్నల మీద అరిచి, కిటికీ దూకి పారిపోయే అమ్మాయి. అచ్చం మన మడికొండ వెంచరే అని నువ్వు నవ్వేదానివి. మనం మాత్రం ఏనాడూ తలుపైనా గట్టిగా వేయలేదు.

అమ్మకు ఇంగ్లిష్ రాదు కాబట్టి ప్రతి మాటా నేనే తెలుగులో చెప్పాను.

"సొంత రూమున్నది, కారున్నది. ఈ పోరికి ఏం తక్కువైందే?" అని అమ్మ విసుక్కుంది.

కాసేపటికి ఆ అమ్మాయి మంచం మీద ముఖం దాచుకుంది.

"ఇప్పుడేమంటాంది?"

"హాస్టల్‌కు పోనంటాంది. భయమైతాందట."

అమ్మ టీవీ ఆపేసింది.

"ఆ పిల్ల నోరే తెరువలే గదనే."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్క ఫోన్ల ఏడ్సినప్పుడు సాకులు చెప్తాందనుకున్నం. నువ్వు చెప్పు బిడ్డా. మీ డాడీ వచ్చేదాకా ఈడనే కూసుంటా."

చెప్పాను అక్కా. డాడీ ఇంకా రాలేదు.