పడమటి గోడ

ప్రియమైన అత్తయ్యకు,

అక్కడ పురుడైన వదినా, పసిబిడ్డా బాగున్నారని తెలిసి మనసు కుదుటపడింది. ఇక్కడ ఈ ఎండలకు ఆవులు బాగాలేవు. మధ్యాహ్నమయ్యేసరికి అన్నీ నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. పడుకోవడం మానేసి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తూర్పు తలుపు దగ్గరే నిలబడుతున్నాయి. పాలు సగానికి పడ్డాయి. చూడి మీదున్న బొల్లి గడ్డి ముట్టడం లేదు.

గాలి పడమటి నుంచి వస్తోంది. కొట్టానికి పడమట మీ గోడ ఉంది. పైరేకుల దాకా కట్టారు, ఒక్క కిటికీ లేదు. పైసగం తీసేద్దామంటే మీ అబ్బాయి "అమ్మనడుగు" అనేసి పాలవ్యాను ఎక్కేశారు. అందుకే అడుగుతున్నాను.

మీ కోడలు

*

కోడలు పిల్లకు,

ఆ గోడ ముట్టుకున్నావంటే ఊరుకోను. నువ్వు కాపురానికి రాకముందు ఓ చలికాలం ఈదురుగాలికి రెండు దూడలు బిగుసుకుపోయి చచ్చాయి. మేస్త్రీ రానంటే ఇటుక మీద ఇటుక నేనే పేర్చి కట్టాను. ఇంకో ఫ్యాను బిగించు. ఆవుల మీద నీళ్లు కొడుతూ ఉండు. వాణ్ణి సలహా అడక్కు, వాడికి వ్యాను తోలడం తప్ప ఏం తెలుసు?

అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యకు,

మీరు చెప్పినట్టే ఫ్యాను పెట్టాను, నీళ్లు కొట్టాను. కొట్టం మూతపెట్టిన ఎసరుగిన్నెలా తయారైంది. గుడ్డపేలిక ముట్టించి, మంట ఆర్పి, పొగ వస్తుండగా ఫ్యాను ముందు పట్టుకున్నాను. పొగ గోడదాకా వెళ్లి తిరిగి నా మొహానికే వచ్చింది. ఆవులు వదిలిన వేడినే ఫ్యాను మళ్లీ వాటి మీదికి కొడుతోంది.

నిన్న బొల్లి కూలబడింది. నాలుక బయటపెట్టేసింది. ఎంత లేపినా లేవలేదు. నేను గునపం తీశాను.

పైసగం పగలగొట్టాను. గట్టిగా కట్టారు, నా చేతులు బొబ్బలెక్కాయి. గాలి వచ్చింది. తడిసిన ఒళ్లు ఆరుతుంటే బొల్లి చెవులు కదిపింది. చీకటిపడేలోపు లేచి తొట్టి దగ్గరికి నడిచింది. ఈ మధ్యాహ్నం కొన్ని ఆవులు పడుకుని నెమరేశాయి. తలుపు వైపువి ఇంకా రొప్పుతున్నాయి.

తిట్టాలనుకుంటే తిట్టండి. గోడ మాత్రం తిరిగి కట్టను.

మీ కోడలు

*

పొగరుబోతు కోడలికి,

నీది అబద్ధమని తేల్చేద్దామని మీ వదిన వంటింట్లో కిటికీలన్నీ మూసి, ఫ్యాను వేసి, పేలిక ముట్టించాను. పొగ ఎదురుగోడకు కొట్టుకుని నా మీదికే వచ్చింది. దగ్గలేక చచ్చాను. "అమ్మా, ఇల్లు తగలబెడతావా ఏంటి!" అంటూ మీ వదిన పరిగెత్తుకొచ్చి కిటికీ తెరిచింది. పొగ సర్రున పోయింది. అల్లుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అంతమాత్రాన నేను ఓడిపోయానని సంబరపడకు. చలికాలం మళ్లీ వస్తుంది, దూడలకు అడ్డు కావాలి. పగలగొట్టిన చోట మందపాటి పట్టా కట్టించు. ఎండల్లో పైకి చుట్టుకోవచ్చు, చలికి దించుకోవచ్చు.

తూర్పు గోడ జోలికి మాత్రం వెళ్లకు. లోపలికొచ్చిన గాలి బయటికి పోవాలంటే ఆ ఒక్క తలుపు చాలదు. అటువైపువి రొప్పుతున్నాయంటే అందుకే. ఆ గోడా నేను కట్టిందే. ఆదివారం వస్తున్నాను. గునపం నాకోసం తీసి ఉంచు.

అత్తయ్య