షరతు కొట్టేసిన కాగితం

గద్వాల నేతగాడు శంకరయ్య కొడుకు గోపి అనే నేను, ఇరవై ఆరేళ్లవాణ్ణి, తెలివి సరిగా ఉండగానే, ఈసారి పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. సోమవారం హైదరాబాద్ దవాఖానలో నాకు గుండె ఆపరేషన్.

1. పది రోజుల కింద పెదనాయన రాజన్న నాతో సంతకం పెట్టించిన కాగితాన్ని రద్దు చేస్తున్నాను. నా భార్య భవ్యశ్రీకి ఇప్పుడు మూడో నెల. కడుపు ఉంచుకుంటేనే ఇల్లు, మగ్గం ఆమెకని, తీయించుకుంటే అంతా మా అమ్మ కౌసల్యమ్మకని అందులో ఉంది. ఎనిమిదిలో బడి మానేసినా చదవడం వచ్చు. చదివే సంతకం పెట్టాను.

2. ఇల్లు, రాజోలిలోని ఎకరం పొలం భవ్యకు. బతికినంత కాలం ముందు గది అమ్మది. కడుపు నిలిచినా నిలవకున్నా ఇందులో అక్షరం మారదు. మా కూతురు శ్రుతికి ఏడాదిన్నరే, కాన్పు కుట్లు ఇంకా లాగుతున్నాయి, నా సంగతి ఇట్లా ఉంది, ఇప్పుడు వద్దని భవ్య అంటోంది. నాకైతే ఆ బిడ్డ కావాలనే ఉంది. ఈ మాటను షరతుగా ఎవరూ చదవకూడదు.

3. భవ్య తల్లి, మా అత్త జంగమ్మకు నా ఉన్ని శాలువా. ఆత్మకూరు బస్సులో చలి అని ఎప్పుడూ గొణుగుతుంది. "తీపిచ్చుకో బిడ్డా, రేపు ఇంకో మనువుకు అడ్డమైతది" అని నేను వింటుండగానే అన్నది. వద్దంటున్న భవ్యే ఆమె మీద లేచింది: "నా పెయ్యి బాగలేదని నేనంటున్న. నీ మనువు ముచ్చట ఎవ్వరడిగిండ్రే?"

4. పెదనాయనకు, నాతో సంతకం పెట్టించిన పెన్ను. మగపిల్లగాడైతే ఇంటిపేరు నిలుస్తుందన్నాడు. కడుపు ఉంచాలనే మా అమ్మే ఆయన్ని ఆపింది: "ఆడపిల్లయితే తీపిస్తవా బావా? నేను పానమంటున్న, నువ్వు పేరంటున్నవు."

5. మగ్గం అత్తాకోడళ్లిద్దరికీ, విడదీయకుండా. అంచు నేయాలంటే అటొకరు ఇటొకరు కూర్చుని పోగు మోసే నాడె అందుకోవాలి. తొమ్మిది రోజులు మాటల్లేకుండా అందుకున్నారు. నిన్న పొద్దున అమ్మ నాడె చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"మా అత్త నన్ను రాయచూరు తీస్కపోయి తీపిచ్చింది. నన్నడగలే. గందుకే తీపియ్యొద్దంటున్న."

"నన్ను గూడ అడగలే గదత్తా. కాగితం రాసిండ్రు" అంది భవ్య.

ఆ కాగితం గురించి పెదనాయన భవ్యకు చెప్పాడు, అమ్మకు చెప్పలేదు. అందులో ఏముందో భవ్య చెప్పగానే అమ్మ నా వైపు తిరిగింది: "నా పేరు మీద గిట్ల ఎవడు రాయమన్నడ్రా నిన్ను? చింపు ఫో."

ఇవాళ కూడా అమ్మ ఉంచుకోమనే అడుగుతోంది, భవ్య వద్దనే అంటోంది. చీర మాత్రం జానెడు ముందుకు పోయింది.

6. తీయించుకోవడానికి భవ్య సంతకం ఒక్కటి చాలని డాక్టరమ్మ చెప్పింది. నా వాళ్లెవరూ దానికి అడ్డం పడకూడదు. ఆమె దవాఖానకు పోతే, అది తీయించుకోవడానికైనా కాన్పుకైనా, అమ్మ తోడు పోవాలని అడుగుతున్నాను. పోకపోయినా అమ్మకు రావలసినదాంట్లో ఏదీ తగ్గదు.

7. బండి నా స్నేహితుడు తిరుపతికి. పుణె, బళ్లారి అని నేను ఎన్నిసార్లు పారిపోయినా బస్టాండుకు వచ్చి ఇంటికి తెచ్చింది వాడే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా వాడిదే.

నేను బతికి వస్తే మిగతావి చెల్లవు. ఒకటోది, ఆరోది నేను ఎదురుగా ఉన్నా చెల్లుతాయి.

తేదీ: 12 జూలై 2025, గద్వాల
సంతకం: గోపి
సాక్షులు: సుదర్శన్ (పక్కింటి నేతగాడు), శాంతమ్మ (ఆశా కార్యకర్త)