నాకు రాని కల

మార్చి 4, 2017, శనివారం

ఫెర్రీలో నా పక్క సీటు చివరిదాకా ఖాళీ.

జాజికాయల గోదాములో ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. మొదటిసారి పది రోజులు లీవు పెట్టాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు. కరియాకూ దీవికి, అని నాలో నేనే జవాబు చెప్పుకున్నాను. మా గ్రెనడా రేవు నుంచి రెండు గంటల దూరం. యాభై ఒకటో ఏట కుదిరింది. విహారానికొచ్చే తెల్లపిల్లలు వీపున బ్యాగు తగిలించుకుని, రొట్టె, డబ్బా చేపలతో వారాలు గడిపేస్తుంటారు. నేను మాత్రం ఎందుకు పోకూడదు?

ఎర్ర బ్యాక్‌ప్యాక్ పక్కింటి కర్టిస్‌ది. చిరగనివ్వకు అన్నాడు. జాగ్రత్త అని మాత్రం అనలేదు.

సాయంత్రం

గదుల అద్దెలు విని దణ్ణం పెట్టి వచ్చేశాను. బీచ్ దగ్గర ఒక ముసలాయన చెట్లకు ఊయలలు కట్టి అద్దెకిస్తున్నాడు. నడుం పట్టేస్తే నా పూచీ లేదు బాబూ, అన్నాడు. మిగతా ఊయలల్లో అంతా ఇరవై ఏళ్లవాళ్లు. ఒకమ్మాయి నన్ను వాచ్‌మన్ అనుకుని బాత్రూమ్ తాళంచెవి అడిగింది. వెతికి ఇచ్చాను. మాట్లాడే మనిషి దొరికిందని సంతోషపడ్డాను కూడా. సిగ్గులేదు నాకు.

మార్చి 5

రొట్టె. డబ్బా చేపలు. సముద్రం. పొద్దుటి నుంచి నోరు విప్పలేదు.

మార్చి 6

దోమలు తెల్లారకముందే లేపేశాయి. పడవలు కట్టే ఊరు విండ్‌వర్డ్ వైపు నడిచాను. ఏడు కాకముందే గొంతు ఆరిపోయింది. నీలం గేటు ఉన్న ఇంటి ముందు అరవై దాటిన ఆవిడ వాకిలి ఊడుస్తోంది. కాసిని మంచినీళ్లు ఇప్పించమ్మా అన్నాను. చీపురు వదిలేసి నన్ను ఎగాదిగా చూసింది. ఎవరు పంపారు, మావాడేనా, అంది.

అర్థమైంది. ఇక్కడ పోయినవాళ్లు కలలోకొచ్చి ఏం తినాలనుందో చెబుతారు. ఒక్కోసారి పరాయివాళ్ల కలలోకీ వస్తారు. ఆ కల కన్నవాడు పరగడుపునే ఆ ఇంటికి వెళ్లి, ముందు నీళ్లడిగి, తర్వాత కబురు చెప్పాలి. ఇంటివాళ్లు ఊరందరికీ భోజనం పెట్టాలి. దాన్ని సరాకా అంటారు. ఇదంతా నాకు తెలుసు. దాహంలో గుర్తురాలేదు, అంతే.

కాదమ్మా అంటే సరిపోయేది. ఆవిడ అప్పటికే గేటు తెరిచి పట్టుకుంది. లోపలి నుంచి ఏదో ఉడుకుతున్న వాసన. అవును అన్నాను. ఏమడిగాడు మా కాన్యూట్, అంది. మేకమాంసం, మొక్కజొన్న సంకటి, అన్నాను. నాకు తినాలని ఉన్నది చెప్పేశాను.

గుమ్మంలో కూలబడి ఏడ్చింది. పేరు వెరీనా. కాన్యూట్ ఆవిడ తమ్ముడు. మూడేళ్ల కిందట సముద్రంలో పోయాడు. ముందురోజు పడవ అమ్మే విషయంలో ఇద్దరూ పోట్లాడుకున్నారు. మళ్లీ నా గడప తొక్కకు అందట. అప్పట్నించి ఒక్క కలలోకీ రాలేదట. చూశావా తమ్ముడూ, మాట పట్టుకున్నాడు, నా దగ్గరికి రాకుండా ముక్కూమొహం తెలియని నీ దగ్గరికి పోయాడు, పోనీలే, వచ్చాడుగా, అంది.

గిన్నెడు కందుల పులుసు పెట్టింది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను. అదీ నా బతుకు.

మార్చి 7

ఊయలలో పడుకుంటున్నానని తెలిసి కేకలేసింది. కబురు తెచ్చినవాడు చెట్టుకు వేలాడతాడా అంది. కాన్యూట్ గదిలో మంచం వేసింది.

శనివారం సరాకా. ఆవిడకున్నది ఒక్కటే మేకపోతు. దాని పేరు మేయర్. ఊరంతా తనదే అన్నట్టు తిరుగుతుందట. సంకటి ఒక్కటీ చాలదా అన్నాను. మాంసం అడిగినవాడికి సంకటి ముద్ద పడేసే పిసినారిలా కనిపిస్తున్నానా, అని గయ్యిమంది.

అమ్మ పోయి ఆరేళ్లు. ఒక్కసారీ కలలోకి రాలేదు. నా నుంచి ఏమీ అక్కర్లేదు కాబోలు.

వెరీనా నా చొక్కా ఉతికి ఆరేసింది. తీగ మీద ఇంకొకరి బట్టల పక్కన నా చొక్కా చూసి చాలా ఏళ్లయింది. వదిలి వెళ్లబుద్ధి కాలేదు. నిజం చెప్పాలి. రేపు చెబుతాను.

మార్చి 8

చెప్పలేదు.

మార్చి 9

మొక్కజొన్న దంచడానికి ఆడవాళ్లొచ్చారు. అందరికీ ఆవిడ టాంటీ వెరీనా, అంటే వెరీనా పిన్ని. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఎలా ఉన్నాడయ్యా, చిక్కాడా? లేదమ్మా. నవ్వాడా? నవ్వాడు. ఒకామె, ముందు పళ్లలో సందు అలాగే ఉందా అంది. ఉందన్నాను. వెరీనా రోకలి ఆపి వింటోంది. ఎవరూ ఇంతసేపు నా మాట విన్నది లేదు. అదీ ఇలాంటి మాట.

మార్చి 10

మేయర్‌ని కోశారు. నేను పెరట్లోకి వెళ్లలేదు.

మార్చి 11

పోయినవాళ్ల కోసం ముందు నీళ్లు, తర్వాత రమ్ము నేల మీద పోశారు. కాన్యూట్ వాటా, పోయినవాళ్లకి పెట్టే పద్ధతిలో ఉప్పు లేకుండా వండి, పళ్లెంలో లోపల బల్ల మీద పెట్టారు. ఎవరూ ముట్టకుండా కాపలా నాదే. నేను తెచ్చిన కబురు కదా.

వడ్డన మధ్యలో పడవలు కట్టే ముసలాయన ఒకడు ఎముక చీకుతూ, ఏమే వెరీనా, మీవాడికి చిన్నప్పట్నించీ మాంసం వాసనే పడదుగా, పోయాక నాలుక మారిందా, అన్నాడు. ఆవిడ గరిటె ఆగింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

పోయినవాడి ఆకలి నీకేం తెలుసు, నోరు మూసుకుని తిను, అంది ఆయనతో. వచ్చి నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది. మెత్తగా ఉడికింది.

మార్చి 12

చొక్కాకు ఇస్త్రీ చేసి పెట్టింది. సంకటి ముద్దలు మూటకట్టి బ్యాగులో పెట్టింది. ఫెర్రీ మూడున్నరకి, అంది. మళ్లీ రమ్మనలేదు.

గేటు దగ్గర నేను నోరు తెరవబోయాను. వద్దులే తమ్ముడూ, అంది. మూడేళ్లకి నా వాకిట్లోకి జనం వచ్చారు, అంది. గేటు రెక్క పట్టుకుని, వాడు మాత్రం రాలేదు, అంది. గేటు వేసేసింది.

మార్చి 13

కర్టిస్‌కి బ్యాగు ఇచ్చాను. చిరగలేదుగా అన్నాడు. ఎలా గడిచిందని అడుగుతాడేమోనని కాసేపు నిలబడ్డాను.

మార్చి 21, ఉదయం 5

కల వచ్చింది. అమ్మ కాదు. నేనెన్నడూ చూడని మనిషి. నిలువెల్లా తడిసి ఉన్నాడు. ముందు పళ్ల మధ్య సందు. మంచం చివర కూర్చుని, మాంసమని నీకెవరు చెప్పారయ్యా, అన్నాడు. వేపిన చేప అడిగాడు. మా అక్క చేతిదే, అన్నాడు.

తొమ్మిదింటి ఫెర్రీకి వెళుతున్నాను. లీవు అడగలేదు. ఏమీ తినలేదు. నీళ్లు కూడా తాగలేదు.