ప్రార్థనలో నీ పేరే వచ్చింది

బిడ్డా రూతూ,

అక్కడ నీ దమ్ము, ఆ ఆయాసం తగ్గిందా? నీ కాడికే వచ్చిన మీ బాపు మోకాళ్ళు మంచిగున్నయా? ఇక్కడ నా బీపీ గట్లనే ఉంది.

నువ్వు దవాఖానల కన్నుమూసినంక నేను ప్రభువును ఏదీ అడుగలే. స్తోత్రం చెప్పి లేస్తున్న. అడుగుడంటేనే భయమైతుంది.

మొన్న నీ బిడ్డకు జ్వరమొచ్చింది. గోలి వేసిన, ఒళ్ళు తుడిచిన, పరేషానైన. "అమ్మమ్మా, ప్రార్థన చెయ్యవా?" అన్నది. దాని నెత్తి మీద చెయ్యి పెట్టిన. ఇంటి మీదికెళ్ళి విమానం పోతుంటే గట్టిగనే అడిగిన: "ప్రభువా, మా రూతును లేపు."

పేరు తప్పిందని పొల్ల నన్ను దిద్దలే. కండ్లు మూసుకొనే "ఆమెన్" అన్నది.

తెల్లారి జ్వరం దిగింది, దోశె అడిగింది. నువ్వైతే లేవలే.

ఇగ రోజూ అడుగుతున్న, భయపడుకుంటనే. వచ్చే ఆదివారం చర్చి అయిపోంగనే, దాన్ని తోలుకొని పాల్మాకులల నీ సమాధి కాడికొస్త.

మీ అమ్మ