సముద్రం వైపు గోల్‌పోస్ట్

దొన్ అనీబాల్ గారూ, దేవుని సమాధానం మీ ఇంట నిలుచు గాక.

మన ఫుట్‌బాల్ క్లబ్బు రెండో డివిజన్‌లోంచీ జారిపోయింది. అధ్యక్షులుగా మీరు మైదానాన్ని సూపర్‌మార్కెట్ వాళ్లకు అమ్మేశారు. సోమవారం బుల్‌డోజర్లు వస్తాయి. సంత వీధిలో నిలబడి దీని మీద నేను చేసిన ప్రసంగం మీ చెవిన పడే ఉంటుంది. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. ఈ ఉత్తరం వేరే పని మీద.

సముద్రం వైపు గోల్‌పోస్ట్ వెనక, చనిపోయిన ఒనోరియో చితాభస్మం చల్లి ఉంది. బొగ్గుగని మనిషి. నేను కనబడితే చాలు, "ఏం బోధకుడా, మీ యెహోవా ఎడమకాలితో ఆడతాడా? మనకో ఎడమ వింగర్ కావాలి" అనేవాడు. అతని భార్య ఎర్సీలియా మా సంఘస్థురాలు. మన జట్టు గెలిచినప్పుడల్లా అక్కడ నిలబడి ఆయనకు స్కోరు చెప్పి వచ్చేది.

బైబిల్లో సిరియా సేనాధిపతి నయమాను తన దేశానికి తీసుకుపోను రెండు కంచరగాడిదలు మోసేంత మన్ను అడిగితే, ప్రవక్త ఎలీషా నెమ్మది గలిగి పొమ్మన్నాడు. మేము ఒనోరియో కలిసిన మన్ను ఒక్క బస్తా అడిగితే మీ కాపలావాడు, "మన్ను ఎక్కడైనా మన్నే, పోవయ్యా" అన్నాడు. ఆదివారం గేటు తీయించండి.

నిన్న ఎర్సీలియమ్మ అంది: "ఓడినప్పుడు ఆయనకు చెప్పేదాన్ని కాదు, బ్రదర్ గారూ. కింది డివిజన్‌కి పడిపోయామనీ ఆయనకు తెలీదు. ఇప్పుడు లేపి తీసుకుపోతుంటే ఎందుకే అంటాడు. ఏం చెప్పను?"

బైబిలంతా తిరగేశాను. దీనికి వాక్యం దొరకలేదు.

అమ్మింది మీరు. ఆదివారం మీరే వచ్చి, ఆవిడ పక్కన నిలబడి, ఆయనకు చెప్పండి.