అద్దాల బీరువాలో నీ గడియారం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. "ఇంట్ల ఉంటే సూడబుద్ధి అయితలేదు, అమ్మెయ్" అంటూ వదిన నీ చేతి గడియారం నాకిచ్చింది. పొద్దున పటాన్‌చెరులో మన పాత సామాన్ల దుకాణం తెరవగానే, దానికి కాస్త కీ ఇచ్చి అద్దాల బీరువాలో వెండి రూపాయల పక్కన పెట్టాను. అప్పటి నుంచి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే మళ్లీ దాని దగ్గరికే పోతున్నాను.

మధ్యాహ్నం జిన్నారం రైతు ఒకాయన అదే తీయమన్నాడు. చెవి దగ్గర పెట్టుకుని నవ్వాడు.

"మంచిగ నడుస్తుంది గద తమ్మీ, ఎంతకిస్తవ్?"

"లేదు కాకా, జెరసేపు నడిచి ఆగిపోతది."

వస్తువులో లోపముంటే కొనేవాళ్లు అడగకముందే చెప్పేవాడివి నువ్వు. నేను లేని లోపం చెప్పాను.

"గట్లనా? రేపు పొద్దుగాల వస్త. నడుస్తుంటే తీస్కపోత," అని ఆయన వెళ్లాడు.

సాయంత్రం దుకాణం మూసేముందు నీలాగే అన్ని గడియారాలకూ కీ ఇచ్చాను, నీదానికి తప్ప. ఇవ్వకపోతే తెల్లారేసరికి ఆగిపోతుంది, మన దగ్గరే ఉండిపోతుంది. షట్టర్ సగం దించాను. మళ్లీ ఎత్తి, లోపలికి వెళ్లి, దానికీ కీ ఇచ్చాను.